లీవ్ లెటర్ అలవాటుతో ఉద్యోగానికి ఉత్తరం

మనలో చాలామంది ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం లీవ్ లెటర్. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలుపెట్టి, ‘కైండ్‌లీ గ్రాంట్ మీ’ అని బతిమాలి, ‘యువర్స్ ఒబీడియంట్‌లీ’ అని సంతకం పెట్టేవాళ్లం. జ్వరం లేకపోయినా అదే రాసేవాళ్లం, అది వేరే సంగతి. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి ఉత్తరం రాయాల్సి వస్తే చేతికి అలవాటైన వరస అదొక్కటే. సెలవు అడిగినట్టే ఉద్యోగమూ అడుగుతాం.

గుంటూరులో మా వీధి కుర్రాడొకడు బీకాం పూర్తిచేసి, మిర్చి ఎగుమతి చేసే సంస్థలో డాక్యుమెంటేషన్ అసిస్టెంట్ పోస్టుకు అప్లై చేస్తూ, మోటివేషన్ లెటర్, అంటే ఈ ఉద్యోగం ఎందుకు కావాలో, తను దానికెలా పనికొస్తాడో చెప్పే ఉత్తరం, చూసిపెట్టమని తెచ్చాడు. పేజీ నిండా రాశాడు. ఇంత పేరున్న సంస్థలో చేరడం చిన్ననాటి కలట. కష్టపడతాడట, త్వరగా నేర్చుకుంటాడట, ఒక్క అవకాశం ఇస్తే రుణపడి ఉంటాడట. సంస్థ పేరు కొట్టేసి విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఏ షోరూం పేరు పెట్టినా ఆ ఉత్తరం అలాగే సరిపోతుంది.

‘కాలేజీ లేనప్పుడు ఏం చేసేవాడివిరా?’ అని అడిగా. ‘ఏముందండీ, మిర్చి యార్డులో మా మావయ్య కమీషన్ కొట్లో కూర్చునేవాణ్ణి’ అన్నాడు. కూర్చోవడమంటే ఊరికే కాదు. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, తేజానా వేరే రకమా, కాటాలో ఎంత తూగింది, క్వింటాలు ఎంత పలికింది, ఎవరు కొన్నారు, అన్నీ రాసేవాడు. ఓసారి కాటా చీటీకీ బిల్లుకూ రెండు టిక్కీలు తేడా వస్తే సాయంత్రం దాకా చీటీలు తిరగేశాడట. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు రైతుల సరుకు కలిసిపోయింది.

ఎగుమతి కాగితాల పనంటే ఇదే కదా! ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో, షిప్పింగ్ బిల్లులో బస్తాల లెక్కా బరువూ ఒక్కలా ఉండాలి. తేడా వస్తే సరుకు పోర్టులో ఆగిపోవచ్చు. మరి ఇది ఎందుకు రాయలేదంటే, ‘అదేమన్నా ఎక్స్‌పీరియన్సా అండీ, సర్టిఫికెట్ కూడా లేదు’ అన్నాడు.

సర్టిఫికెట్ ఉన్నవన్నీ రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. ఉత్తరం ఉన్నదే సర్టిఫికెట్ లేని వాటి కోసం.

కుర్రాణ్ణి తప్పుపట్టలేను. గ్రూప్స్‌కైనా బ్యాంకు పరీక్షకైనా ఫారం నింపి ఫీజు కట్టడమే మనకు తెలుసు. నీ గురించి నువ్వు రాయమన్నవాళ్లు లేరు. పైగా సొంత డబ్బా కొట్టుకోకూడదని ఇంట్లో నేర్పారు. నిజమే, ‘నేను చాలా సిన్సియర్’ అనడం డబ్బానే. రెండు టిక్కీల తేడా పట్టుకున్నానని చెప్పడం డబ్బా ఎలా అవుతుంది?

1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ కొలువు కోసం మిలాన్ పాలకుడు లుదొవీకో స్ఫోర్జాకు రాసిన ఉత్తరం చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. యుద్ధాల కాలం కాబట్టి తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, కోటల ముట్టడి గురించే వరసగా చెప్పాడు. బొమ్మలు వేయడం వచ్చన్న మాట చివర్లో ఎక్కడో వస్తుంది. నమ్మకం కుదరకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానన్నాడు. తనకు ఏం ఇష్టమో కాదు, ఎదుటివాడికి ఏం కావాలో ముందు చూశాడు.

అన్నిచోట్లా ఉత్తరం పనిచేస్తుందని కాదు. ఆటోనగర్ షెడ్డులో చేతిపని చూస్తారు. కొన్ని ఆఫీసుల్లో ఉత్తరం తెరిచి కూడా చూడరు. కానీ ఫ్రెషర్‌కీ, చదివినదొకటి చేయబోయేదొకటి అయినవాళ్లకీ, మధ్యలో రెండేళ్లు గ్యాప్ వచ్చినవాళ్లకీ తమ మాట చెప్పుకునే చోటు అదొక్కటే. ఆ చోటును కూడా ఇప్పుడు చాట్‌జీపీటీకి అప్పగిస్తున్నారు. అడిగితే అది రాసిపెడుతుంది, నిజమే. చీటీల సంగతి మనం చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?

కుర్రాడి కొత్త ఉత్తరం అరపేజీ దాటలేదు. మొదటి వాక్యంలోనే ఆ రెండు టిక్కీలు వచ్చాయి. వాళ్ల నాన్న దాని అర్థం చెప్పించుకుని, ‘ఇదేంట్రా, ఎక్కడా దణ్ణం పెట్టినట్టే లేదు’ అన్నాడట. ఆయన మాట తీసెయ్యలేక, సంతకం పైన ‘యువర్స్ ఒబీడియంట్‌లీ’ మాత్రం ఉంచేశాడు.