టీ చౌకైంది, అయినా సముద్రంలో పోశారు

గ్రూప్స్‌కు చదువుకునే పిల్లల ఫోన్లలో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "బ్రిటన్ టీ మీద పన్ను విపరీతంగా పెంచింది. ఆ భారం మోయలేక 1773లో బోస్టన్ ప్రజలు మన భారతదేశపు టీని సముద్రంలో పారబోశారు. పార్లమెంటులో నాలుగు సీట్లు ఇచ్చి ఉంటే అమెరికా విడిపోయేదే కాదు." ఇందులో ఒక్క వాక్యమూ నిలవదు. మార్కులు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఒక పోరాటం ఎందుకు పుట్టిందో తలకిందులుగా నేర్చుకుంటున్నారే అన్నదే నా బాధ.

ముందు పన్ను పెంచారన్న మాట చూద్దాం. అమెరికా అప్పటికి బ్రిటన్ కింద ఉన్న వలసల సమూహం. అక్కడ 1773 టీ చట్టం కొత్త పన్నేదీ వేయలేదు. పౌను టీకి 3 పెన్నీల సుంకం వలసల్లోకి దిగుమతయ్యే సరుకుల మీద బ్రిటిష్ పార్లమెంటు సుంకాలు వేసిన 1767 నాటి టౌన్‌షెండ్ చట్టాలతో వచ్చింది. వాటిలో గాజు, సీసం, రంగులు, కాగితం మీద వేసిన సుంకాలను 1770లో ఎత్తేశారు. పన్ను వేసే హక్కు తమకుందని చాటుకోవడానికి టీ మీది సుంకాన్ని మాత్రం ఉంచుకున్నారు. 1773 నాటికి లండన్ గోదాముల్లో టీ గుట్టలు పేరుకుపోయి ఈస్టిండియా కంపెనీ దివాలా అంచున ఉంది. దాన్ని గట్టెక్కించడానికి, ఎగుమతయ్యే టీ మీద బ్రిటన్‌లో వసూలయ్యే సుంకాన్ని వెనక్కి ఇచ్చేశారు. మధ్యలో దళారులు లేకుండా సొంత ఏజెంట్ల చేత అమ్ముకోనిచ్చారు. దాంతో సుంకం కట్టిన టీ కూడా డచ్చివాళ్ల దగ్గర్నుంచి దొంగతనంగా వచ్చే టీతో ధరలో పోటీ పడే స్థితికి వచ్చింది.

మరి చౌకగా వస్తున్నదాన్ని ఎందుకు కాదన్నారు? దొంగరవాణా చేసే వర్తకులకు దెబ్బ తగిలిన మాట నిజమే. బోస్టన్‌లో కంపెనీ టీ అమ్మే ఏజెన్సీ దక్కినవారిలో గవర్నర్ హచిన్సన్ కొడుకులిద్దరు ఉండటం కూడా మంట రేపింది. కానీ అసలు చిక్కు ఆ 3 పెన్నీలు ఎక్కడికి పోతున్నాయన్నదే. అంతకుముందు, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలసలో గవర్నరు జీతాన్ని అక్కడి ప్రజలు ఎన్నుకున్న సభే మంజూరు చేసేది. ఆయన మీద వాళ్లకున్న పట్టు అదే. టౌన్‌షెండ్ సుంకాల డబ్బుతో గవర్నర్లకు, జడ్జీలకు నేరుగా జీతాలిస్తే ఆ పట్టు జారిపోతుంది. 1772లో మసాచుసెట్స్‌లో జరిగింది ఇదే. అందుకే చౌక టీ వాళ్లకు ఎరలా కనిపించింది: కొనుక్కుని తాగితే పన్నును ఒప్పుకున్నట్టే.

ఆవేశంలో పారబోశారనుకోవడం కూడా సరికాదు. టీ తెచ్చిన డార్ట్‌మౌత్ ఓడ నవంబర్ 28న బోస్టన్ రేవుకు చేరింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్లు సరుకు స్వాధీనం చేసుకుంటారు. సరుకు దించకుండా ఓడను వెనక్కి పంపేయమని జనం సభలు పెట్టి అడిగారు. గవర్నరు ససేమిరా అన్నాడు. గడువు ముగియబోతుండగా, డిసెంబర్ 16 రాత్రి, మూడు ఓడల్లోంచి 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి.

ఇక మోయలేని భారం సంగతి. వలసవాసులు కట్టే పన్నులు బ్రిటన్‌లోని సామాన్యుడు కట్టేవాటికంటే చాలా తక్కువ. 1764లో మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) మీద సుంకాన్ని గాలన్‌కు 6 పెన్నీల నుంచి 3కు తగ్గించారు కూడా. అయినా గొడవైంది. ఎందుకంటే ఆ 6 పెన్నీలు సరిగ్గా వసూలైందే లేదు. ఈ 3 మాత్రం ముక్కుపిండి వసూలు చేస్తామన్నారు. కేసు పడితే జ్యూరీ లేని నౌకా న్యాయస్థానానికి పోవాలి. మరుసటి ఏడు స్టాంపు చట్టంతో పత్రికలు, దస్తావేజులు, కోర్టు కాగితాలు, చివరికి పేకముక్కల మీద కూడా పన్ను పడింది.

సీట్లు ఇస్తే సరిపోయేదన్న వాదనకు జవాబు వాళ్లే రాసిపెట్టారు. 1765 అక్టోబర్‌లో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కూర్చుని చేసిన తీర్మానాల్లో, తమకు బ్రిటిష్ పార్లమెంటులో ప్రాతినిధ్యం లేదని, దూరాభారం లాంటి పరిస్థితుల వల్ల అది కుదరదని కూడా స్పష్టంగా ఉంది. తమ మీద పన్ను వేయగలిగేది తమ సభలేనన్నది వాళ్ల మాట. మూడువేల మైళ్ల అవతల నాలుగు సీట్లు తీసుకుంటే ప్రతిసారీ ఓటింగులో ఓడి, ఆ పన్నుకు తామే సమ్మతించినట్టు అయ్యేది.

చివరిగా ఆ టీ. అది చైనాలో పండి, కాంటన్ రేవు నుంచి లండన్ చేరిన సరుకు. అస్సాం తోటలు 1830ల తర్వాతి సంగతి. మనతో సంబంధం టీలో లేదు, కంపెనీలో ఉంది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను పుచ్చుకున్నది ఇదే కంపెనీ. ఆ తర్వాత నాలుగేళ్లకు బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. ఆ కబురు అట్లాంటిక్ దాటింది. ఫిలడెల్ఫియా లాయర్ జాన్ డికిన్సన్ 1773లో మారుపేరుతో రాసిన లేఖలో బెంగాల్ చావులనే ఎత్తిచూపాడు. పంట పండక కాదు, కంపెనీ, దాని నౌకర్లు తిండిగింజలను గుప్పిట పట్టడం వల్లే జనం చచ్చారని రాసి, ఇప్పుడు వాళ్ల కన్ను అమెరికా మీద పడిందని హెచ్చరించాడు.