బియ్యం బస్తా, ఐదో అంతస్తు

"రోడ్ల మీదవి గుంతలు కావు, ఇంకుడు గుంతలు" అని ఎవరో మంత్రిగారు అన్నట్టు ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. నేను కాఫీ కూడా తాగకుండా దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసి, కింద ఆవేశమంతా కక్కేశాను. "పన్నులు కట్టేది ఇందుకా" దగ్గర మొదలైన ఆ వ్యాసం మా నాన్నగారి కాలంలో రోడ్లు ఎలా ఉండేవో అనే దాకా వెళ్ళింది. మా మేనకోడలు ఒకే లైను పెట్టింది: "మామయ్యా, అది జోకుల సైట్‌ది. సైటు పేరు కత్తిరించి పంపారు." దాని కింద మా బావగారు బొటనవేలు పెట్టారు. నా వ్యాసానికో, కూతురి జవాబుకో ఇప్పటికీ తెలీదు.

అక్కడితో ఊరుకోవచ్చుగా! ఆదివారం అక్కయ్య ఇంట్లో భోజనాల దగ్గర, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది గానీ మామూలుగా అయితే ఏది నిజమో ఏది వెటకారమో నేను వాసన పట్టేస్తానని అనేశాను. మేనకోడలు పప్పన్నం కలుపుకుంటూనే పరీక్ష మొదలెట్టింది.

"'మా ఇంట్లోంచి రష్యా కనిపిస్తుంది.' ఎవరన్నారు?"

"సారా పేలిన్! 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన ఆవిడ" అన్నాను, సంవత్సరంతో సహా. కాదట. టీవీ కామెడీ షోలో పేలిన్ వేషం కట్టిన టీనా ఫే అన్న మాటట అది. పేలిన్ అన్నది అలాస్కాలో ఓ చోట నిలబడితే రష్యా భూమి కనిపిస్తుందనే, అది నిజం కూడానట. ఇన్నేళ్ళుగా పాపం ఆవిణ్ణి తలుచుకుని ఊరికే నవ్వాను.

"'మహాభారత కాలంలోనే ఇంటర్నెట్ ఉంది' అని ఒక ముఖ్యమంత్రి అన్నారు. నిజమా, జోకా?"

ఈసారి తొందరపడలేదు. మజ్జిగ తాగి, ఆలోచించి, జోకన్నాను. నిజమట! 2018 ఏప్రిల్‌లో త్రిపుర ముఖ్యమంత్రి బిప్లబ్ దేబ్, సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం చెప్పాడు కదా అని లెక్క చూపించి మరీ అన్నారట.

నా మొహం చూసి జాలేసినట్టుంది, ఓదార్పుగా ఇంకోటి చెప్పింది. 2012లో 'ది ఆనియన్' అనే అమెరికా జోకుల పత్రిక ఆ ఏటి అందగాడు ఉత్తర కొరియా కిమ్ జోంగ్ ఉన్ అని రాస్తే, చైనా వాళ్ళ పీపుల్స్ డైలీ సైటు నమ్మేసి 55 ఫొటోలతో వేసిందట. ప్రాణం కాస్త కుదుటపడింది. అంత పెద్ద పత్రికే పడినప్పుడు నేనెంత!

ఇంటికొస్తూ ఒక నియమం పెట్టుకున్నాను. మరీ విడ్డూరంగా ఉంటే జోకే, ముందు నవ్వేద్దాం, తర్వాత సంగతి తర్వాత. (త్రిపుర దగ్గర ఈ నియమమే నన్ను ముంచిందని అప్పుడు తట్టలేదు.)

రెండు రోజులకి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నోటీసు వచ్చింది. "నివాసితుల గుండె ఆరోగ్యం దృష్ట్యా లిఫ్టుకు వారం రోజులు విశ్రాంతి. మెట్లు ఎక్కండి, ఆయుష్షు పెంచుకోండి. ఇట్లు, అధ్యక్షుడు." నాలుగు నవ్వు బొమ్మలు పెట్టి, "ఈసారి దొరకను సార్!" అని కూడా రాసి బజారుకెళ్ళాను. 26 కిలోల బియ్యం బస్తా తెచ్చుకున్నాను. ఆటోవాడు గేటు దగ్గరే దించేసి వెళ్ళిపోయాక చూస్తే లిఫ్టు తలుపుకి తాడు కట్టి ఉంది.

మాది ఐదో అంతస్తు. మూడో అంతస్తు మలుపులో బస్తా దించి దాని మీదే కూలబడ్డాను. అధ్యక్షుడుగారు చేతులూపుకుంటూ దిగుతూ నన్ను చూసి ఆగారు.

"నోటీసు చూసి నవ్వారెందుకండీ?" అన్నారు, సీరియస్‌గానే.

ఊపిరి అందితే చెబుదామనే ఉంది.