లయన్ గారు లోపలుండి గెలిచిన విధంబెట్టిదనిన

చట్టసభల్లో పూర్వపు మర్యాదలు మంటగలిశాయని బెంగపడే పెద్దలకు అమెరికా చరిత్ర మంచి ఓదార్పు. అక్కడ కొత్త రాజ్యాంగం కింద ప్రభుత్వం ఏర్పడి తొమ్మిదేళ్లయినా నిండలేదు. 1798 జనవరి 30న, ఫిలడెల్ఫియాలోని ప్రతినిధుల సభలో, వెర్మాంట్ సభ్యులు మాథ్యూ లయన్ గారు కనెక్టికట్ సభ్యులు రోజర్ గ్రిస్‌వోల్డ్ గారి మొహాన ఉమ్మేశారు.

ఊరికే ఉమ్మలేదు లెండి. లయన్ గారు ఐర్లండ్ నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన మనిషి. ఒక యజమాని ఆయన్ని జత ఎడ్లకు మారకం వేశాడని కూడా చెబుతారు. అలాంటివాడు తమ సరసన కూర్చోవడమే అప్పటి పాలకపక్షమైన ఫెడరలిస్టు పార్టీ దొరలకు కడుపుమంట. అది చాలదన్నట్టు గ్రిస్‌వోల్డ్ గారు స్వాతంత్ర్య యుద్ధం నాటి పిరికితనపు అపవాదు తవ్వి, 'నీ చెక్క కత్తి ఏదీ?' అన్న ధోరణిలో దెప్పారు.

సభ రెండు వారాలపాటు ఈ ఉమ్మి మీద లోతుగా ఆలోచించింది. బహిష్కరించాలని 52 మంది, వద్దని 44 మంది. మూడింట రెండు వంతులు రాలేదు. రాజ్యాంగం చేయలేని పని చేతికర్ర చేస్తుందనుకున్నారు గ్రిస్‌వోల్డ్ గారు. ఫిబ్రవరి 15న, ప్రార్థన ముగిసి సభ ఇంకా మొదలుకాని ఆ కాస్త సందులో లయన్ గారిని చితకబాదారు. ఆయనా తక్కువ తినలేదు, చలిమంట దగ్గరి పట్టకారు అందుకున్నారు. దైవప్రార్థన ప్రభావం అంత వెంటనే కనిపించడం అరుదు.

అదే ఏడాది జులైలో రాజద్రోహ చట్టం వచ్చింది. అధ్యక్షుణ్ణి, కాంగ్రెస్‌ను తిడితే జైలు. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం నోరారా తిట్టుకోవచ్చు, ఆ కుర్చీలో ఉన్నది ప్రతిపక్షానికి చెందిన జెఫర్సన్ కదా! ఇంత ముందుచూపున్న చట్టం మరోటి చూపించండి. లయన్ గారేమో అధ్యక్షుడు ఆడమ్స్‌కు ఆడంబరాల పిచ్చి, పొగడ్తల యావ అని పత్రికకు ఉత్తరం రాశారు. రాసింది చట్టం రాకముందు, అచ్చయింది వచ్చాక. నాలుగు నెలల జైలు, 1,000 డాలర్ల జరిమానా పడ్డాయి.

ఇక్కడే ఫెడరలిస్టుల సేవను మనం గుర్తించాలి. చలికాలంలో వెర్మాంట్ మంచులో ఇల్లిల్లూ తిరిగే శ్రమ ఆయనకు తప్పించారు. వెర్జెన్స్ జైల్లో కూర్చున్న అభ్యర్థిని జనం ఆ డిసెంబరులో భారీ ఆధిక్యంతో గెలిపించారు. విడుదలయ్యాక సభలో మళ్లీ బహిష్కరణ తీర్మానం పెట్టారు. మళ్లీ మూడింట రెండు వంతులు రాలేదు. పట్టుదల మెచ్చుకోవాలి.

1801లో జెఫర్సన్‌కూ ఆయన పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కూ ఓట్లు సమానమై అధ్యక్షుడెవరో తేల్చాల్సిన పని ప్రతినిధుల సభ మీద పడింది. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు. 36వ విడత ఓటింగులో వెర్మాంట్‌కున్న రెండో సభ్యుడు తప్పుకోవడంతో రాష్ట్రం ఓటు లయన్ గారి చేతికొచ్చింది. ఎవరికి వేశారో చెప్పాలా?

తర్వాత కెంటకీకి మకాం మార్చి అక్కడి నుంచీ కాంగ్రెస్‌కు వెళ్లారు. 1840లో ప్రభుత్వం ఆ జరిమానాను వడ్డీతో సహా తిరిగిచ్చింది. ఆయన పోయి అప్పటికి 18 ఏళ్లు, డబ్బు వారసులు పుచ్చుకున్నారు. నాలుగు నెలల జైలును ఏ పద్దు కింద తిరిగివ్వాలో గుమాస్తాలకు తెలియలేదు కాబోలు.