నిలబెట్టి వాయిస్తేనే జాజ్ అట!

విశాఖపట్నంలో జాజ్‌కి శ్రోతలు ఎంతమందో లెక్క తేలలేదు గానీ, కాపలాదారులు మాత్రం కావలసినంత మంది ఉన్నారు. సిరిపురం వైపు ఏ కాఫీ షాపులోనైనా నలుగురు కుర్రాళ్లు కీబోర్డు, డ్రమ్స్, శాక్సోఫోన్, బేస్ గిటార్ సర్దుకుని వాయించడం మొదలెట్టారా, రెండో పాట అయ్యేలోపు ఒక పెద్దమనిషి ప్రత్యక్షమవుతాడు. లినెన్ చొక్కా, చక్కెర లేని బ్లాక్ కాఫీ, ముఖంలో లోకం పాడైపోతోందన్న బాధ. బ్రేక్ ఇవ్వగానే తిన్నగా బేస్ వాయించేవాడి దగ్గరికే వస్తాడు. డ్రమ్స్ వాడి జోలికి పోడు. వాడి చేతిలో కర్రలుంటాయి.

"బాగుంది బాబూ. కానీ ఇది జాజ్‌కి పనికిరాదు. జాజ్ అంటే డబుల్ బేస్. మనిషంత ఎత్తు చెక్కది, నిలబెట్టి వాయించాలి. ఈ మోడరన్ ఎలక్ట్రిక్‌ది, అందులోనూ ఈ ఐదు తీగలది, బ్యాటరీది... దీంట్లో ఆత్మ ఉండదు."

ఆత్మ ఎక్కడుంటుందో తేల్చడానికి ఉపనిషత్తులు చాలా శ్రమపడ్డాయి. ఈయన మాత్రం అది చెక్కలో ఉంటుందని, అదీ ఆరడుగుల చెక్కలోనే ఉంటుందని, కాఫీ చల్లారేలోపే తేల్చేశాడు. ఇంత స్పష్టత ఉన్నవాళ్లు ఊరికి అరుదు. ఆయన మాట గౌరవించడం మన ధర్మం. కాబట్టి విశాఖలో బేస్ వాయించే పిల్లలందరూ రేపు పొద్దున్నుంచే డబుల్ బేస్‌కి మారిపోయారనుకుందాం.

గాజువాక కుర్రాడికి సాయంత్రం బీచ్ రోడ్డులో ప్రోగ్రామ్. నిన్నటిదాకా అయితే గిటార్ బ్యాగు వీపున తగిలించుకుని స్కూటీ మీద వచ్చేసేవాడు. ఇవాళ పక్కన ఆరడుగుల డబుల్ బేస్, నల్ల కవరు తొడుక్కుని, రెయిన్‌కోటు వేసుకున్న భారీ మనిషిలా నిలబడి ఉంది. షేర్ ఆటో ఆగింది.

"ఏటి బాబూ అది?"

"వాయిద్యం అన్నా."

"వాయిద్యమా! మీ మావయ్యేమో అనుకున్నాను. ఎన్ని సీట్లు కడతావు?"

"రెండు."

"దాని నడుం సూసి మాటాడు. మూడు."

మూడు సీట్ల మీద రాజీ కుదిరింది. వెనకసీట్లో స్టీల్‌ప్లాంట్ షిఫ్ట్ దిగి వస్తున్న ఒకాయన, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని. పక్కన కూరగాయల సంచితో ఒక పిన్నిగారు. వాళ్లిద్దరి మోకాళ్ల మీద అడ్డంగా డబుల్ బేస్ పడుకుంది. మెడ డ్రైవర్ భుజం మీదుగా ముందుకి పోయి, హారన్ కొట్టాల్సినప్పుడల్లా ఆయన చెవిలో గుచ్చుకుంటోంది. బల్లపరుపుగా కనబడింది కదా అని పిన్నిగారు సంచి తీసి దాని మీద, తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్క దగ్గర పెట్టారు.

"అమ్మా, అక్కడ పెట్టకండి, అది బ్రిడ్జి!"

"బ్రిడ్జి ఇంకా రాలేదు బాబూ. ఎన్ఏడీ ఫ్లైఓవర్ ముందుంది."

ఎన్ఏడీ రానే వచ్చింది. కానిస్టేబుల్ ఆపాడు. లోపలికి తొంగిచూసి తలలు లెక్కపెట్టాడు. ఒకటి ఎక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ ఎక్కువే వచ్చింది.

"ఓవర్‌లోడు. దిగమను ఆయన్ని."

"సార్, అది మనిషి కాదు సార్. జాజ్."

జాజ్‌కి చలానా రాయడానికి సెక్షన్ దొరక్క ఆయన వదిలేశాడు. మద్దిలపాలెంలో ఆటో మారాలి. మళ్లీ మూడు సీట్లు, మళ్లీ మావయ్య ప్రస్తావన. ఎలాగైతేనేం, కుర్రాడు సముద్రం ఒడ్డుకి చేరాడు. అప్పటికే ఉప్పుగాలికి, ఉక్కపోతకి చెక్క పని మొదలైంది. పక్కచెక్క అతుకు దగ్గర సన్నగా నోరు తెరుస్తోంది, శ్రుతి ఎక్కడ పెట్టినా నిలవడం లేదు. సౌండాయన పొద్దున ఒక పెళ్లి రిసెప్షన్ నుంచి నేరుగా పట్టుకొచ్చిన బాక్సులు అటూ ఇటూ పెట్టి, డబుల్ బేస్ ముందు ఒక మైకు నిలబెట్టాడు. సౌండు పెంచే ఫేడర్ పైకి తోశాడు. అంత పెద్ద బోలు పెట్టె ఆ బాక్సుల మోతనే మళ్లీ పీల్చుకుని 'బూఁ...' అని ఊళ ఎత్తుకుంది. మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడ్డ జనం, ఓడేదో రేవు వదిలిందనుకుని సముద్రం వైపు తిరిగారు.

సౌండాయన చెవులు మూసుకుని అరిచాడు. "దీనికి పికప్ లేదా బాబూ? వైరుంటే ఇవ్వు, డైరెక్టుగా మిక్సర్‌కి పెట్టేద్దాం!"

ఈ మాట పెద్దమనిషి చెవిన పడితే ఏమవుతాడో! ఎందుకంటే ఆయన ఆరాధించే దేశాల్లో కూడా ఇవాళ స్టేజీ ఎక్కే డబుల్ బేస్‌లలో చాలావాటికి బ్రిడ్జి దగ్గర, తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ అతికించే ఉంటుంది, దాని వైరు ఆంప్ (యాంప్లిఫయర్)లోకే పోతుంది. వెనకటి పేగు తీగలు పోయి ఉక్కు తీగలొచ్చి కూడా దశాబ్దాలైంది. ఇంతకీ తగాదా అంతా వైరు ఎక్కడ గుచ్చారన్న దాని మీద.

ఇక 'మోడరన్' సంగతి. అమెరికాలో గిటార్లు చేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్‌ని అమ్మకానికి పెట్టింది 1951లో. మన పెద్దమనిషి అప్పటికి పుట్టి ఉండడు. లయనెల్ హాంప్టన్ జాజ్ బ్యాండ్‌లో మాంక్ మోంట్‌గోమరీ దాన్ని వాయించింది కూడా ఆ 1950ల మొదట్లోనే. 1960లో జాజ్ బేస్ అనే మోడల్ వచ్చింది. 1969 ఆగస్టులో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ స్టూడియోలో రెండు మూడు ఎలక్ట్రిక్ పియానోలు, ఇద్దరు డ్రమ్మర్లు, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ పెట్టుకుని జాజ్, రాక్ కలిసిన ఫ్యూజన్‌కి పునాదులు వేస్తుంటే, బేస్ వాయించే డేవ్ హాలండ్ పక్కన హార్వీ బ్రూక్స్ ఎలక్ట్రిక్ బేస్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ మోతలో ఒట్టి చెక్క గొంతు ఎంతవరకు వినబడుతుంది? డ్రమ్స్ పెరిగాయి, గిటార్ పెరిగింది, కింద నుంచి పాటని నిలబెట్టే బేస్ కూడా పెరగాలి కదా. 1975లో బేసిస్టు ఆంథొనీ జాక్సన్ ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. స్టీవ్ స్వాలో అయితే డబుల్ బేస్ మీద అప్పటికే పేరు తెచ్చుకుని కూడా దాన్ని పక్కనపెట్టి ఎలక్ట్రిక్‌కి వచ్చేశాడు, మళ్లీ వెనక్కి చూడలేదు. ఆయనకి ఆత్మ గురించి చెప్పేవాళ్లు దొరకలేదు కాబోలు.

బేస్ దిగ్గజం జాకో పాస్టోరియస్ పేరెత్తితే పెద్దమనిషి కళ్లు మూసుకుంటాడు. "ఆహా, జాకో! ఆ చెక్క నాదం!" అంటాడు. బాబూ, ఆయన వాయించింది 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్. మెడ మీది లోహపు అడ్డకడ్డీలు, అదే ఫ్రెట్లు, పీకి, ఆ గాట్లు పూడ్చి, తీగలు ఫింగర్‌బోర్డుని తినేయకుండా దాని మీద పడవలకి పూసే ఎపాక్సీ పూశాడు. మీరు పరవశించిపోయే ఆ 'చెక్క నాదం' మీద ఉన్నది పడవ పూత. మన ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోట్లకి రెసిన్ పూసే పనివాణ్ని పిలిస్తే, జాజ్ ఆత్మ గురించి మీకన్నా వివరంగా చెబుతాడు. జాకో టేపు మొదటిసారి విన్న జాజ్ కీబోర్డిస్టు జో జావినుల్, "నువ్వు ఎలక్ట్రిక్ బేస్ కూడా వాయిస్తావా?" అని అడిగాడని ఒక కథ చెప్పుకుంటారు. జావినుల్ చెవికే తేడా తెలియలేదు. మనవాడికి మాత్రం తెలిసిపోతుంది, అదీ కాఫీ మెషీన్ బుస్సుమంటుండగా.

ఆయన ఇంట్లో జాజ్ దేని మీద వింటాడని ఒకసారి వాకబు చేశాను. ఫోన్‌లో. ఇయర్‌ఫోన్లు కూడా కాదు, ఫోన్ స్పీకర్లో, టీపాయ్ మీద గ్లాసుకి ఆనించి. బేస్‌లో కింది 'ఈ' తీగ సెకనుకి 41 సార్లు కదులుతుంది. ఐదు తీగల దానిలో 'బి' అయితే 31 సార్లే. ఆ లోతు నాదం ఫోన్ స్పీకర్లోంచి బయటికే రాదు. పైనుండే ఉపస్వరాలు విని, కింద ఏముందో మెదడు ఊహించుకుంటుంది. అంటే ఈయన ఇన్నేళ్లూ విన్నది సగం ఊహ. ఆ ఊహలో మాత్రం చెక్క రకం కూడా తెలిసిపోయింది.

ఈ పెద్దమనిషే కళాభారతిలో వయొలిన్ కచేరీకి ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తాడు. వయొలిన్ ఏ ఊరి వాయిద్యమో ఆయనకి ఎవరూ గుర్తుచేయరు. పక్కనే విజయనగరంలో 1919లోనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు సంగీత కళాశాలలో ఆచార్యుడై, ఆ పరదేశీ వాయిద్యంతో మన రాగాలన్నీ పలికించారు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ పట్టుకున్నది ఎలక్ట్రిక్ మాండొలిన్. చిన్నపిల్లాడు ఆ తీగల మీద గమకం ఎలా పలికిస్తాడని మొదట్లో సందేహపడ్డవాళ్లంతా తర్వాత నోరు మూసుకుని విన్నారు. పెద్దయ్యాక ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రపంచమంతా తిరిగినవాడు ఎవరనుకున్నారు? 1969లో మైల్స్ డేవిస్ స్టూడియోలో గిటార్ పట్టుకున్న ఆ మెక్‌లాఫ్లినే. కరెంటు మాండొలిన్‌కి ఆత్మ ఉంది, కరెంటు బేస్‌కి లేదు. ఈ తీర్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో పెద్దమనిషే చెప్పాలి.

ఈయన్ని చూసి నవ్వుకుని ఊరుకుందును. కానీ కంచరపాలెం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఇంజనీరింగ్ చదువుతోంది. సెకండ్ హ్యాండ్ ఐదు తీగల యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీ ఉన్నది, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కుంది. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు కాబట్టి రాత్రిపూట జాక్‌లో చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ గుచ్చుకుని సాధన చేసేది. కుడిచేతి రెండు వేళ్లకీ తెల్ల టేపు. ఒక సాయంత్రం బ్లూస్ వాయించారు. చప్పట్లొచ్చే పనేమీ చేయలేదు ఆ పిల్ల. బీట్‌కి ఒక్క స్వరం చొప్పున, నాలుగు బీట్లకి నాలుగు, అలా నడిపించుకుంటూ పోయింది. ఎప్పుడూ ముందుకి పరుగెత్తే డ్రమ్స్ కుర్రాడు మొదటిసారి ఉన్నచోట ఉన్నాడు. శాక్సోఫోన్ వాడు తడబడి ఎక్కడున్నాడో మర్చిపోతే, ఆ అమ్మాయి కింద నుంచి దారి చూపించి చేయి పట్టుకుని తీసుకొచ్చింది. బేస్ అంటే అదే.

బ్రేక్‌లో పెద్దమనిషి వచ్చాడు. "అమ్మా, ముందు అసలైన బేస్ నేర్చుకో. ఇది రాక్ వాళ్లది." ఆ అమ్మాయి "సరే అంకుల్" అని బేస్ బ్యాగులో పెట్టి జిప్ లాగేసింది. రెండో సగానికి కూర్చోలేదు. తర్వాత మళ్లీ రాలేదు.

ఎవరయ్యా నువ్వు? డబుల్ బేస్ ఎంతవుతుందో తెలుసా? కంచరపాలెంలో రెండు గదుల ఇంట్లో దాన్ని ఎక్కడ నిలబెట్టాలి, వంటింట్లోనా? ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఆ అడ్రస్ చెప్పగలవా? ఒక్క తీగ తెగితే ఎక్కడ దొరుకుతుందో చెప్పగలవా? ఏ రోజైనా టికెట్ కొన్నావా? ఆ రాత్రి పిల్లలకి తలా ఐదొందలు, ఒక శాండ్‌విచ్ ఇచ్చారు. నువ్వు తాగిన రెండు కాఫీల బిల్లు దాదాపు అంతే అయ్యింది. చేతికందిన వాయిద్యంతో, అద్దెకో అప్పుకో తెచ్చుకున్నదానితో నిలబడి వాయించినవాళ్ల వల్లే జాజ్ పుట్టింది. నీలాంటివాళ్లు అప్పట్లో తలుపు దగ్గర ఉండుంటే పుట్టేదే కాదు.

తప్పులు పట్టాలంటే ఈ ఐదు తీగల బేస్‌లో లేవా? బోలెడు. చవక బాక్సుల్లో ఐదో తీగ గట్టిగా పలకదు, గరగరమంటుంది. బ్యాటరీతో నడిచే ప్రీఆంప్‌లో ట్రెబుల్ ఎక్కువ తిప్పితే చెవులు కోసేస్తుంది, మన కుర్రాళ్లలో సగం మంది అదే చేస్తారు, తీగని బొటనవేలితో కొట్టే స్లాప్ మోజులో. బీచ్ గాలికి తీగలు తొందరగా తుప్పుపడతాయి. వానాకాలంలో మెడ వంగితే అలెన్ కీ పెట్టి మెడ లోపలి ఇనుప కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, తిప్పుకోవాలి. అన్నిటికన్నా పెద్ద గండం ఆ 9 వోల్టుల బ్యాటరీ. ఇంటికెళ్లి వైరు పీకడం మర్చిపోయామా, తెల్లారేసరికి దిగిపోతూ ఉంటుంది. మర్నాడు సరిగ్గా సోలో మధ్యలో గొంతు చీదేసి, నీరసపడి, ఆగిపోతుంది. స్టేజీ మీద మనిషి బతికుండగానే మూగవాడైపోతాడు.

వీటిలో ఒక్కటీ ఏ పెద్దమనిషీ ఇంతవరకు అడగలేదు. వచ్చేవారం కూడా ఎలాగూ వస్తారు కాబట్టి ఒక విన్నపం. దారిలో డాబాగార్డెన్స్ దగ్గర ఆగి, ఒక 9 వోల్టుల బ్యాటరీ కొని జేబులో వేసుకుని రండి. అభిప్రాయం ఇంట్లో పెట్టి రండి.