సవరణ: పడక పుండ్ల గురించి మొన్న రాసిన దాంట్లో తప్పులు
కర్నూలులో ఆసుపత్రిలో ఉన్న మా అవ్వ దగ్గర కూర్చుని పడక పుండ్ల (కదలకుండా మంచం మీదే ఉండేవాళ్లకు ఒత్తిడి వల్ల పడే పుండ్లు) గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. నడుం కింద ఎర్రబడిన చోట కొబ్బరినూనెతో గట్టిగా రుద్దమన్నాను. దయచేసి రుద్దకండి. ఒత్తిడికి రక్తం అందక లోపలి కండ అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు, రుద్దితే ఇంకా చెడుతుంది. నేనే అవ్వకు రెండు రోజులు రుద్దాను, తలుచుకుంటే బాధగా ఉంది. వేలితో నొక్కితే ఎరుపు తెల్లబడకపోతే వెంటనే నర్సుకు చెప్పండి. నల్లటి ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనిపించదు. వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడాలి.

రెండోది, కింద పెట్టమన్న గాలి నింపే రింగు (మధ్యలో ఖాళీ ఉండే గుండ్రటి దిండు) కూడా వద్దు, దాని అంచుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి. 2 గంటలకోసారి పక్క మార్చమన్న మాట అలాగే ఉంచుతున్నాను. నర్సు వేరే సమయం చెబితే అదే పాటించండి, రాత్రిపూట కూడా.