సవరణ: చెక్ ప్రవాస రచయితలంతా లండన్‌లో లేరు
నిన్నటి పోస్ట్‌లో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో దేశం వదిలిన చెక్ రచయితలంతా లండన్‌లోనే ఉన్నారని, అందరూ దేశాన్ని పోగొట్టుకున్న పల్లెలాగే ఊహించుకున్నారని రాశాను, అది తప్పు. కవి విక్టర్ ఫిష్ల్ విషయంలో నిజమే, 1942 జూన్ 10న నాజీలు లిదిత్సే అనే చెక్ ఊళ్లో 173 మంది మగవాళ్లని కాల్చేసి ఊరినే తగలబెడితే లండన్‌లో ఉన్న ఆయన ఆ చచ్చిపోయిన ఊరి మీదే పెద్ద కవిత రాశారు. కానీ నవలా రచయిత ఎగాన్ హోస్తోవ్‌స్కీ ఉన్నది న్యూయార్క్‌లో, అక్కడి చెకోస్లొవాక్ కాన్సులేట్‌లో పని. ఆయన 1943 నవలలో చెక్ ఇంజినీర్ ఒకడు ఫ్రాన్స్‌లో నేలమాళిగలో దాక్కుని భార్యకి రాసుకుంటుంటాడు, అక్కడ దేశమంటే పల్లె కాదు, ఒంటరి మనిషి మనస్సాక్షి. నాకైతే ఇదే ఎక్కువ గుచ్చుకుంది. ఇద్దరూ యూదులన్న సంగతి కూడా అప్పుడు వదిలేశాను, అది చెప్పకుండా ఈ విషయం మాట్లాడకూడదు అసలు.