పాడయ్యేదాకా వాడతారా? విమానాల హైడ్రాలిక్స్ మీద తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

మొన్న ఆదివారం మా కుటుంబం గ్రూపులో బాబాయి ఒక మెసేజ్ పెట్టారు. "విమానం ఎక్కేవాళ్లు తప్పక చదవండి, పది మందికీ పంపండి" అని పైన రాసి ఉంది. సాయంత్రానికల్లా అదే మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, పటమటలో పొద్దున్నే నాతో నడిచేవాళ్ల గ్రూపులోనూ తేలింది. మా పిన్ని వచ్చే నెల గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్లాలి. టికెట్ రద్దు చేసుకుని రైల్లో వెళ్తానంటోంది.

మెసేజ్ సారం ఇది. విమానంలో పార్టు పాడయ్యేదాకా మార్చరు. హైడ్రాలిక్ ఆయిల్, అంటే ఒత్తిడితో చక్రాల్నీ బ్రేకుల్నీ కంట్రోల్స్‌నీ కదిపే ద్రవం, కారుతున్నా సంతకం పెట్టి పంపేస్తారు. ఆ ఆయిల్ పోతే విమానం రాయిలా పడిపోతుంది. గన్నవరంలో చెక్ చేసే దిక్కే లేదు. మార్చిన పార్టులూ సెకండ్‌హ్యాండ్‌వే. విమానాల భద్రతని చూసుకోవాల్సిన ప్రభుత్వ సంస్థ డీజీసీఏ కాగితాలు చూసి వదిలేస్తుంది.

విమానాల మెయింటెనెన్స్‌లో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇందులో నిజం ఉన్నచోట ఉందనే చెప్తాను. లేనిచోట ఎందుకు లేదో చెప్తాను.

"పార్టు పాడయ్యేదాకా మార్చరు, దానికి ఆన్ కండిషన్ అని పేరు పెట్టుకున్నారు."

ఈ ఆరోపణంతా ఆ ఒక్క పదం అర్థం కాకపోవడం వల్లే పుట్టింది. మా నాన్నకి ఆటోనగర్‌లో లారీ షెడ్డు ఉండేది. టిప్పర్ జాకీ సీలు పోయిందని అక్కడ ఎప్పుడు తెలిసేది? లోడు ఎత్తుతుంటే జాకీ మధ్యలో దిగిపోయినప్పుడు తెలిసేది. పాడయ్యేదాకా వాడటమంటే అదీ. విమానంలోనూ అలా వాడేవి ఉన్నాయి. సీటు పైన చదువుకునే లైటు, కాఫీ మేకరు లాంటివి. ఆగిపోతే ఎవరి ప్రాణానికీ ముప్పు లేని వస్తువులు.

ల్యాండింగ్ గేర్‌లో, అంటే విమానం చక్రాల అమరికలో, కొన్ని భాగాలకి ఇన్ని ల్యాండింగ్‌లు అని లెక్క ఉంటుంది. ఆ అంకె వచ్చిందంటే పార్టు అద్దంలా మెరుస్తున్నా తీసి పక్కన పెట్టాల్సిందే. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానానికి సుమారు పదేళ్లకోసారి గేరు మొత్తం ఊడదీసి ఓవర్‌హాల్‌కి పంపుతారు. ఇది గడువు పద్ధతి.

ఆన్ కండిషన్ ఈ రెండూ కాదు. నిర్ణీత వ్యవధిలో పార్టుని పరీక్షిస్తారు. వచ్చే పరీక్ష దాకా అది నిలబడుతుందా అన్నది కొలిచి తేలుస్తారు. కొలత హద్దు దాటితే, పార్టు ఇంకా పనిచేస్తున్నా సరే, తీసేస్తారు. బ్రేకుకి చిన్న పిన్ను ఒకటి బయటికి కనబడుతూ ఉంటుంది. బ్రేకు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. పార్కింగ్ బ్రేకు వేసి చూసినప్పుడు పిన్ను కొస దాని చుట్టూ ఉన్న లోహంతో సమానంగా వచ్చేసిందంటే బ్రేకు మార్చాలి. అప్పటికీ ఆ బ్రేకు విమానాన్ని చక్కగానే ఆపుతోంది.

హైడ్రాలిక్ పంపు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఏ320, బోయింగ్ 737 విమానాల్లో హైడ్రాలిక్ ప్రెషర్ 3000 పీఎస్ఐ (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలత). కారు టైరులో గాలికి దాదాపు తొంభై రెట్లు. పంపు లోపలి నుంచి తిరిగొచ్చే ఆయిల్ దారిలో కేస్ డ్రెయిన్ ఫిల్టర్ అని ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి, లోపలిది తెల్లగుడ్డ మీద తట్టి చూస్తాం. ఏమీ రాలకపోతే సరే. సన్నటి మెరిసే పొడి రాలిందంటే పంపు లోపల లోహం లోహాన్ని తింటోందన్నమాట. కాక్‌పిట్‌లో మాత్రం ప్రెషర్ 3000 దగ్గరే నిలబడి ఉంటుంది, పైలట్‌కి ఏ ఫిర్యాదూ ఉండదు. అయినా పంపు దిగాల్సిందే. ఆ పొడి ఎక్కడిదాకా పాకిందో చూసి లైన్లు కూడా శుభ్రం చేయాల్సిందే. పాడయ్యేదాకా ఆగడమంటే ఇదా?

"ఆయిల్ కారుతున్నా సంతకం పెట్టి పంపేస్తారు."

ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని పట్టుకునే మెసేజ్ జనాన్ని భయపెడుతోంది. కదిలే రాడ్డు చుట్టూ ఉండే సీలుకి పల్చటి ఆయిల్ పొర అవసరం. ఎండిపోతే సీలే చిరుగుతుంది. కాబట్టి అలాంటి చోట నిమిషానికి ఇన్ని చుక్కల వరకూ ఫరవాలేదని తయారీదారు ఇచ్చిన మాన్యువల్‌లోనే హద్దు రాసి ఉంటుంది. కదలని జాయింట్ల దగ్గర నియమం ఇంకా కఠినం. ఆ హద్దుని ఇంజినీరు తన ఇష్టంతో పెంచడానికి వీల్లేదు, అతని మేనేజరుకీ ఆ అధికారం లేదు.

గన్నవరంలో నేను డ్యూటీలో ఉన్న ఒక మే నెల మధ్యాహ్నం చెప్తాను. టార్మాక్ మీద వేడికి బూట్ల అడుగు మెత్తబడుతోంది. విమానం వచ్చి ఆగింది. కింద తిరిగి చూస్తుంటే ఎడమ వైపు గేర్ దగ్గర ఒక యాక్చుయేటర్, అంటే ఆయిల్ ఒత్తిడితో కదిలే జాకీ లాంటిది, తడిగా కనబడింది. వేలికి గ్లౌజు వేసుకుని తుడిచి చూస్తే ఊదారంగు. ఆ ఆయిల్‌ని మేం స్కైడ్రాల్ అంటాం. అంత తేలిగ్గా అంటుకోదు, మంటని తట్టుకుంటుంది. కానీ చర్మానికి తగిలితే మండుతుంది, కంట్లో పడితే చెప్పక్కర్లేదు. నీళ్లతో కడిగాక ఆముదం చుక్క వేసుకునే పాత మెకానిక్కుల్ని నేనెరుగుదును.

తడి మొత్తం గుడ్డతో తుడిచేశాను. సిస్టమ్‌కి ప్రెషర్ పెట్టించి, టార్చి వేసి, చేతి గడియారం చూస్తూ చక్రం పక్కన కూర్చున్నాను. ఒక చుక్క ఉబ్బింది, సాగింది, పడింది. ఇంకొకటి. మరోటి. నిమిషం పూర్తయ్యేసరికి లెక్క హద్దు కంటే రెండు చుక్కలు ఎక్కువ. మళ్లీ తుడిచి మళ్లీ లెక్కపెట్టాను, అదే లెక్క. విమానం రికార్డు పుస్తకమైన టెక్ లాగ్‌లో స్నాగ్, అంటే లోపం, రాశాను. విమానం ఆగిపోయింది. సీలు హైదరాబాద్ నుంచి తర్వాతి ఫ్లైట్‌లో రావాలి. వచ్చింది, మార్చాం, మళ్లీ ప్రెషర్ పెట్టి చూశాం. అంతా కలిపి నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటల్లో గేటు దగ్గర మా వాళ్లని తిట్టని తిట్టు లేదు. "రెండు చుక్కల నూనెకి ఇంత రాద్ధాంతమా" అని ఒకాయన వీడియో తీస్తూ అరిచాడు. ఆయన్ని తప్పు పట్టను, పెళ్లికి వెళ్తున్నాడట. కానీ చెక్ చేయకుండా పంపేస్తారని ఇప్పుడు తిరుగుతున్న మెసేజ్ చదువుతుంటే నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొస్తోంది.

కొన్ని లోపాలతో విమానం ఎగరొచ్చన్న మాటా నిజమే. దానికి ఎమ్ఈఎల్ అనే జాబితా ఉంటుంది. ఏది పనిచేయకపోయినా ఎగరొచ్చు, దాని బదులు ఏం జాగ్రత్త తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి అన్నది అందులో ఉంటుంది. గడువుని బట్టి లోపాల్ని వర్గాలుగా విడదీస్తారు. బి వర్గానికి 3 రోజులు, సి వర్గానికి 10, డి వర్గానికి 120. 'ఏ' (A) అనే వర్గంలో గడువు ఒక్కోదానికి ఒక్కో రకం. ఆ జాబితాలో లేని భద్రతా పరికరం పనిచేయకపోతే విమానం కదలదు. సంతకం అంటే గీత గీయడం కాదు. పక్కనే లైసెన్స్ నంబరు పడుతుంది. తప్పుగా పెడితే పోయేది ఆ మనిషి లైసెన్స్, అంటే అతని అన్నం. విమానాన్ని తిప్పే కంట్రోల్స్ మీద పనిచేస్తే ఒక సంతకం కూడా చాలదు. ఆ పనిలో చెయ్యి పెట్టని రెండో మనిషి స్వతంత్రంగా చూసి తన సంతకం పెట్టాలి.

"హైడ్రాలిక్ పోతే విమానం రాయిలా పడిపోతుంది."

హైడ్రాలిక్ సిస్టమ్ ఒకటే ఉంటుందనుకుని రాసిన మాట ఇది. ఏ320కి మూడుంటాయి, వాటిని గ్రీన్, బ్లూ, యెల్లో అంటాం. 737కి ఏ, బి, వాటికి తోడు స్టాండ్‌బై. ఒకటి పోతే మిగతావి పని అందుకుంటాయి. గేరు దించే సిస్టమే పోయినా లాక్ విడిపిస్తే చక్రాలు తమ బరువుతో కిందికి దిగుతాయి. 2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737లో హైడ్రాలిక్ లోపం వచ్చింది. ఇంధనం బరువు తగ్గించుకోవడానికి రెండు గంటలకు పైగా అక్కడక్కడే తిరిగింది. ఆ సేపంతా టీవీల్లో చూస్తూ మనవాళ్లకి టెన్షన్. 141 మంది ప్రయాణికులతో అదే తిరుచిలో మామూలుగా దిగింది.

అన్ని సిస్టమ్‌లూ ఒకేసారి పోతే మాత్రం అది ఘోరం. నేను కాదనను. 1985 ఆగస్ట్ 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123లో జరిగిందదే. 520 మంది చనిపోయారు, నలుగురు బతికారు. కానీ అక్కడ ఆయిల్ ఎందుకు పోయిందో ఈ మెసేజ్ రాసినవాళ్లు చదివి ఉండాల్సింది. ఏడేళ్ల ముందు, 1978లో, ల్యాండింగ్‌లో ఆ విమానం తోక నేలకి రాసుకుంది. క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడకి బోయింగ్ మనుషులు రిపేరు చేశారు. రెండు వరసల రివెట్లు బరువు మోయాల్సిన అతుకులో ఒక వరసే మోసేలా ప్లేటు వేశారు. ఏడేళ్లు ఎగిరింది. ఆ తర్వాత గోడ పగిలి, ఆ గాలి విసురుకి తోక చాలావరకు ఊడిపోయి, నాలుగు హైడ్రాలిక్ సిస్టమ్‌ల పైపులూ తెగాయి. అలాంటి స్థితిలో కూడా పైలట్లు సుమారు అరగంట సేపు విమానాన్ని గాల్లో నిలబెట్టారు. ట్రెయినింగ్ రోజుల్లో ఆ రివెట్ల బొమ్మ చూశాక, ఎవరెంత తొందరపెట్టినా నేను రెండోసారి లెక్కపెట్టకుండా సంతకం పెట్టలేదు.

1989లో అమెరికాలో యునైటెడ్ 232కి తోకలోని ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ పగిలి మూడు సిస్టమ్‌ల పైపులూ తెగాయి. ఇంజిన్ల పవర్ పెంచుతూ తగ్గిస్తూ సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ డిస్కులో పగులుని అంతకుముందు తనిఖీలో పట్టుకోలేకపోయారు. దాని తర్వాత ఆ రకం విమానాలకి హైడ్రాలిక్ ఫ్యూజులు పెట్టించారు. పైపు తెగితే ఆయిల్ మొత్తం పోకుండా మధ్యలోనే ఆపే వాల్వులవి. 2003లో బాగ్దాద్ మీద క్షిపణి తగిలిన ఒక కార్గో ఏ300కి మూడు సిస్టమ్‌లూ పోయినా ఇంజిన్ల సాయంతోనే దింపారు. ముగ్గురు సిబ్బందీ క్షేమం. రాయి అలా దిగదు.

"గన్నవరంలో చెక్ చేసే దిక్కు లేదు."

పెద్ద చెక్‌లు గన్నవరంలో జరగవు, అది నిజం. వాటికి శంషాబాద్, నాగ్‌పూర్ లాంటి చోట్ల హ్యాంగర్లున్నాయి. రైలింజన్ ఓవర్‌హాల్ ప్రతి స్టేషన్‌లోనూ చేయరు కదా. ఇక్కడ దిగి వెంటనే తిరిగి వెళ్లే విమానానికి చేసేది ట్రాన్సిట్ చెక్. టైర్లు, బ్రేకు పిన్నులు, చక్రాల గూళ్లలో లీకులు, పక్షి తగిలిన గుర్తులు చూస్తారు. పైలట్ కూడా దిగి చుట్టూ తిరిగి చూస్తారు. ఈసారి కిటికీ పక్కన కూర్చుంటే కిందికి చూడండి, రంగు జాకెట్ వేసుకుని ఇంజిన్ కింద వంగి చూసే మనిషి కనబడతాడు.

"పార్టులన్నీ సెకండ్‌హ్యాండ్."

ఓవర్‌హాల్ చేసిన పార్టు వాడటం విమానాల్లో మామూలే, దాచేది కాదు. మన దగ్గర ఆ పార్టుతో పాటు సీఏ ఫారం 1 రావాలి. ఎవరు చేశారు, ఏ ప్రమాణంతో పరీక్షించారు, సీరియల్ నంబరేంటి అన్నీ అందులో ఉంటాయి. కాగితం లేని పార్టు ఎంత కొత్తగా ఉన్నా మాకు అది తుక్కే.

కాగితాన్నే దొంగది చేస్తే? ఈ భయం మాత్రం సరైనదే. 2023లో లండన్‌లోని ఏఓజీ టెక్నిక్స్ అనే కంపెనీ తప్పుడు సర్టిఫికెట్లతో ఇంజిన్ పార్టులు అమ్మిన సంగతి బయటపడింది. చాలా ఎయిర్‌లైన్స్ ఇంజిన్లు దించి పార్టులు తీసేయాల్సి వచ్చింది. దాన్ని పట్టుకున్నది పోర్చుగల్‌లోని మెయింటెనెన్స్ మనుషులు. కొత్తదని కాగితం చెప్తున్న పార్టు మీద అరుగుదల కనబడి, తయారీదారుని అడిగారు. ఆ సర్టిఫికెట్ తమది కాదని జవాబు వచ్చింది. అంతకు ముందు 1989లో నార్వే కంపెనీ పార్ట్‌నెయిర్ విమానం కూలి 55 మంది చనిపోయారు. తోకని పట్టి ఉంచాల్సిన బోల్టులు నకిలీవి. కాబట్టి స్టోర్స్‌లో పార్టు అందుకునే మనిషి అడ్డంగా కూర్చుని నంబర్లు సరిచూస్తుంటే అతన్ని తొందరపెట్టకూడదు.

"డీజీసీఏ కాగితాలు చూసి వదిలేస్తుంది."

ఏదైనా మోడల్‌లో లోపం బయటపడి, దాన్ని తయారుచేసిన దేశం ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్, అంటే తప్పనిసరిగా సరిచేయాలన్న ఆదేశం, ఇస్తే, అందులోని గడువులోగా ఇక్కడా ఆ పని జరగాల్సిందే. 737 రడ్డర్‌ని, అంటే తోక మీద నిలువుగా ఉండి విమానాన్ని పక్కకి తిప్పే పలకని, కదిపే హైడ్రాలిక్ వాల్వు ఇరుక్కుని 1991లో ఒకటి, 1994లో ఒకటి కూలాయి. మొత్తం 157 మంది. చివరికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ రడ్డర్ కంట్రోల్ సిస్టమ్‌నే మార్చమని ఆదేశించింది.

అయితే ఆదేశాలు అమలవుతున్నాయో లేదో వెళ్లి చూడటానికి మనుషులు కావాలి. డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. ఈ మెసేజ్‌ని ఊరంతా పంచే బదులు, మన ఎంపీని ఆ పోస్టులు ఎప్పుడు నింపుతారని అడిగితే పిన్ని లాంటి వాళ్లకి నిజంగా మేలు జరుగుతుంది. నేను ఉత్తరం రాశాను. మీరూ రాయండి.

ఇదంతా గ్రూపులో పెట్టాక రాత్రి బాబాయి ఫోన్ చేశారు. "సరేరా, అంతా బాగానే ఉంది. మరి ఢిల్లీ ఫ్లైట్‌లో బయల్దేరే ముందు కింద కుక్క మొరిగినట్టు ఒక శబ్దం వస్తుందే, దాని సంగతేంటి?" అన్నారు. అది ఏ320లో పీటీయూ బాబాయ్, ఒక హైడ్రాలిక్ సిస్టమ్ బలాన్ని ఇంకోదానికి అందించే యంత్రం అని చెప్పాను. గ్రీన్‌కీ యెల్లోకీ ప్రెషర్ తేడా 500 పీఎస్ఐ దాటితే, ఒకదాని ఆయిల్ ఇంకోదానిలో కలవకుండానే, ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదాన్ని తోస్తుంది. ఒక ఇంజిన్ ముందు, ఇంకోటి తర్వాత స్టార్ట్ చేసినప్పుడు అది ఆగి ఆగి తిరుగుతుంది, అదే మొరిగినట్టు వినిపిస్తుంది. ఆయన కాసేపు ఆగి, ఫోన్ పిన్నికిచ్చి, "ఆ శబ్దం సంగతి దీనికి కూడా నువ్వే చెప్పు" అన్నారు.